అంగుళము కాని అంగుళము

గత సంవత్సరము మా కళాశాలలో డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు పాడైపోయిన చిన్న డిజిటల్ కెమెరాను ప్రయోగశాలకు తీసికొని వచ్చినాడు. దాని అట్టపెట్టె మీద “1 అంగుళము సెన్సరు” అని పెద్ద అక్షరములతో అచ్చు వేసి యున్నది. సెన్సరు అనగా కెమెరాలో కటకము వెనుక నుండి ప్రతిబింబమును గ్రహించు సిలికాను ఫలకము. పూర్వము ఫిల్ము చేసిన పనిని నేడు అది చేయుచున్నది. కెమెరా ఎట్లును పనికిరాదు గనుక, మరలు విప్పి ఆ ఫలకమును బయటికి తీసి, ట్రావెలింగు మైక్రోస్కోపు క్రింద ఉంచి కొలిచితిమి. పొడవు 13.2 మి.మీ., వెడల్పు 8.8 మి.మీ. మూల నుండి మూలకు కర్ణము తీసినను 15.9 మి.మీ. మాత్రమే వచ్చినది. అంగుళమునకు 25.4 మి.మీ. అని హైస్కూలు పిల్లలందరకు తెలియును.

“తక్కిన అంగుళము ఏమైనది సార్?” అని అతడు అడిగినాడు.

తక్కువ తూచిన దుకాణదారుని చేయి పట్టుకొన్నట్లు అతని ముఖము వెలుగుచున్నది. నిజమునకు ఇందులో దుకాణదారుని తప్పు లేదు. ఆ అంగుళము సెన్సరుది కానే కాదు. వెనుకటి టెలివిజను కెమెరాలలో నుండిన ఒక గాజు గొట్టముది. గొట్టము పోయినది, దాని కొలత మాత్రము పేరుగా మిగిలినది. ఈనాటి సెన్సరుల కొలతలలో చాల భాగము ఇట్టి పాత వస్తువుల జ్ఞాపకములే. వాటిని వెదకుచు పోయినచో రెండు వంశములు కనబడును. ఒకటి సినిమా ఫిల్ము వంశము, రెండవది టెలివిజను గొట్టపు వంశము. చిత్రమేమనగా ఈ రెండింటి చిరునామాలును హైదరాబాదు తూర్పు భాగమున, మా కళాశాలకు కొలది కిలోమీటర్లలోనే గలవు.

మొదటి దానికి నాచారము పోవలెను. 1976లో నందమూరి తారక రామారావుగారు నాచారములో రామకృష్ణా స్టూడియోను నెలకొల్పినారు. రామకృష్ణా సినీ స్టూడియోస్ అను పేరుతో వారు నిర్మించిన దానవీరశూర కర్ణ 1977 జనవరిలో విడుదలైనది. చూచినవారికి ముందుగా జ్ఞాపకము వచ్చునది దాని నిడివి. నాలుగు గంటలకు కొంచెము తక్కువ. ఆనాటి సినిమా ఫిల్ము వెడల్పు 35 మి.మీ. క్షణమునకు 24 బొమ్మల చొప్పున నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము కదలిపోవును. అనగా ఆ ఒక్క చిత్రమును ప్రదర్శించుటకు సుమారు 20,000 అడుగులు, ఆరు కిలోమీటర్ల ఫిల్ము కావలెను! అందులో మూడు లక్షలకు పైగా బొమ్మలుండును. ఒక్కొక్క బొమ్మ ఎంత? తపాలా బిళ్ళ అంత.

ఈ తపాలా బిళ్ళ పరిమాణమును నిర్ణయించినది అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలయందు పనిచేసిన డిక్సన్ అను నతడు. 1890 దశకపు ఆరంభమున ఈస్ట్‌మన్ కంపెనీ వారి ఫిల్ము 70 మి.మీ. వెడల్పుతో దొరకుచుండెను. డిక్సన్ దానిని నిలువుగా రెండుగా చీల్చినాడు. ఫిల్మును లాగుటకు ఇరుప్రక్కల రంధ్రములు వేసి, ఒక్కొక్క బొమ్మకు నాలుగు రంధ్రముల చొప్పున కేటాయించినాడు. రంధ్రములకు పోగా మధ్యలో మిగిలిన స్థలము ఒక అంగుళము వెడల్పు, ముప్పాతిక అంగుళము ఎత్తు. సుమారు 24 × 18 మి.మీ. దీని వెనుక ఏ గొప్ప సిద్ధాంతమును లేదు. దొరికిన ఫిల్మును వృథా చేయకుండ వాడుకొనవలెనను పొదుపు బుద్ధి ఒక్కటే కారణము. 1909 నాటికి ఇదే అంతర్జాతీయ ప్రమాణమైనది. తరువాత మాటలు వచ్చి, ధ్వనిని ముద్రించుటకు ఫిల్ము ప్రక్కన కొంత చోటు కావలసి వచ్చినప్పుడు బొమ్మ 22 × 16 మి.మీ. వరకు కుంచించుకొనిపోయినది.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. “35 మి.మీ.” అనునది బొమ్మ కొలత కాదు, రంధ్రములతో సహా ఫిల్ము పట్టీ కొలత. పీచుతో కూడిన కొబ్బరికాయను కొలిచి, లోపలి కొబ్బరి అంత యున్నదని చెప్పినట్లున్నది. గాజు గొట్టపు అంగుళము విషయములోను ఇదే జరిగినది.

సినిమా ఫిల్ము నుండి మామూలు కెమెరాకు దారి వేసినవాడు జర్మనీలో వెట్స్‌లార్ పట్టణమున లైట్స్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్. ఆ కాలపు కెమెరాలు పెట్టెలంత బరువుండెడివి. వాటిని మోసికొనుచు తిరుగుట అతనికి కష్టముగా నుండెను. చులకనైన కెమెరా కావలెనన్న ఫిల్ము చిన్నది కావలెను; చిన్న ఫిల్ములలో సులభముగ దొరకునది సినిమా ఫిల్ము. 1913–14 ప్రాంతమున అతడు దానినే తీసికొని, నిలువుగా కాక అడ్డముగా నడిపి, రెండు సినిమా బొమ్మల చోటులో ఒక ఫోటో తీయునట్లు ఏర్పాటు చేసినాడు. 18 మి.మీ. రెండింతలైన 36 అగును. 36 × 24! 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా అను పేరుతో ఆ కెమెరా ప్రజల ముందుకు వచ్చినది. ఈనాడు పెండ్లి ఫోటోగ్రాఫర్లు “ఫుల్ ఫ్రేము” అని గొప్పగా చెప్పుకొను సెన్సరు కొలత ఇదియే. ఒక చీల్చిన ఫిల్ము ముక్క, ఒక బరువు మోయలేని మనిషి, ఇంతే దాని పుట్టుక.

ఇక రెండవ వంశము. దీనికి నాచారము నుండి దక్షిణముగా ఉప్పల్ మీదుగా రామంతాపూరు రావలెను. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము నేడు అచ్చట నున్నది. హైదరాబాదులో దూరదర్శన్ ప్రసారములు 1977లోనే మొదలైనవి. అనగా పైన చెప్పిన సినిమా విడుదలైన సంవత్సరమే. ఆ కాలపు టెలివిజను కెమెరాలలో ఫిల్ము లేదు, సిలికాను ఫలకమును లేదు. గాలి తీసివేసిన గాజు గొట్టముండెడిది. 1950లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థవారు ప్రకటించిన విడికాన్ అను గొట్టము వీటిలో ప్రసిద్ధము. గొట్టపు ముందు ముఖముపై కాంతిని బట్టి విద్యుద్వాహకత మారు పూత యుండును. కటకము దానిపై ప్రతిబింబమును పడవేయగా, వెనుక నుండి ఎలక్ట్రాను పుంజము వరుస వెంట వరుసగా దానిని తడవి చూచును. గొట్టపు అంచులలో ప్రతిబింబము సరిగ రాదు గనుక మధ్యనున్న దీర్ఘచతురస్రమును మాత్రమే వాడుకొనెడివారు. బయటి వ్యాసము ఒక అంగుళము గల గొట్టములో ఆ దీర్ఘచతురస్రపు కర్ణము 16 మి.మీ. మాత్రమే. అంగుళములో మూడింట రెండు వంతులు గల గొట్టములో అది 11 మి.మీ. కెమెరాలో బిగించుటకు కావలసినది బయటి కొలత గనుక ఇంజనీర్లు గొట్టములను ఆ కొలతతోనే పిలిచిరి. వారి వరకు అది సబబే.

1969 అక్టోబరులో బెల్ ప్రయోగశాలలలో విల్లర్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ అనువారు సీసీడీ అను సాధనమును ఊహించిరి. ఇందుకే 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమానములో సగము దక్కినది. సిలికానుపై చిన్న చిన్న గుంటల వంటివి ఏర్పరచి, కాంతి విడిపించిన ఎలక్ట్రానులను వాటిలో నిలువ చేసి, చేతి నుండి చేతికి బిందెలు అందించుకొన్నట్లు ఒక గుంట నుండి మరియొక గుంటకు నెట్టుచు బయటికి తెచ్చి లెక్కించుట దీని కీలకము. 1975లో కోడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు అట్టి సీసీడీతో డిజిటల్ కెమెరాను నిర్మించినాడు. అందులో నిలువునకు 100, అడ్డమునకు 100, వెరసి పదివేల గుంటలు మాత్రమే. ఒక్క బొమ్మను క్యాసెట్టు మీద నమోదు చేయుటకు 23 సెకండ్లు పట్టినదట!

1980లలో సీసీడీలు టెలివిజను కెమెరాలలో గొట్టముల స్థానమును ఆక్రమించినవి. కాని కటకములన్నియు గొట్టముల కొలతకు తయారై యున్నవి. వాటిని పారవేయుటకు ఎవరికి మనసొప్పును? అందువలన గొట్టములో బొమ్మ ఎంత యుండెనో అంతే బొమ్మ పట్టు ఫలకములను చేసి, పాత పేర్లతోనే పిలిచిరి. మా విద్యార్థి వెదకిన అంగుళము ఇదియే. ఇప్పటి సెల్‌ఫోనులలో ఈ పేర్లు మరింత విడ్డూరముగా నున్నవి. 1/2.55 అంగుళము, 1/2.3 అంగుళము అని వ్రాయుదురు. భిన్నమునకు హారముగ దశాంశము వేసినచో మా హైస్కూలు లెక్కల మాస్టారు బెత్తము తీసెడివారు! ఉపాధ్యాయులు తరగతిలో చెప్పుటకు ఒక ఉజ్జాయింపు: పెద్దవాటిలో పేరుకు వచ్చు అంగుళమును 16 మి.మీ.గాను, అర అంగుళము కన్న చిన్నవాటిలో 18 మి.మీ.గాను లెక్కించినచో కర్ణము ఇంచుమించుగా వచ్చును.

ఈ పేర్లు ఎట్లున్ననేమి, బొమ్మ బాగుగ వచ్చిన చాలదా అని అడుగవచ్చును. నేనును అట్లే అనుకొని దెబ్బ తిన్నవాడను. కొన్ని సంవత్సరముల క్రిందట మా విభాగమునకు ఒక కెమెరా కొనవలసి యుండెను. ఉన్నది స్వల్పమైన నిధి. నేను 20 మెగాపిక్సెళ్లు అను అంకెను చూచి, అంతకు తక్కువ గల వాటిని కాదని, ఒక చిన్న కెమెరాను ఎంచితిని. దాని సెన్సరు 1/2.3 అంగుళము రకము. అసలు కొలత 6.2 × 4.5 మి.మీ. అని అప్పుడు చూడలేదు. హైడ్రోజను ఉత్సర్గ నాళము వెలిగించి, కటకము ముందు గ్రేటింగు పెట్టి, వర్ణపట రేఖలను ఫోటో తీయబోతిమి. ఎరుపు రేఖ, నీలి ఆకుపచ్చ రేఖ వచ్చినవి. 434 నానోమీటర్ల ఊదా రేఖ, కంటికి మసకగ కనబడునది, ఫోటోలో ఇసుక చల్లినట్లున్న చుక్కలలో కలిసిపోయినది. బోరు సిద్ధాంతమును రేఖలతో రుజువు చేయబోయి విద్యార్థుల ముందు చిన్నబోతిని. మరునాడు మా అటెండరు నాచారములో పెండ్లి ఫోటోలు తీయు తన బంధువుని పాత కెమెరాను తెచ్చి యిచ్చినాడు. దానికి 6 మెగాపిక్సెళ్లే, కాని సెన్సరు 23.7 × 15.6 మి.మీ. అదే గది, అదే వ్యవధి, ఎఫ్-4 అను అదే ద్వారపు అంకె. ఊదా రేఖ స్పష్టముగ వచ్చినది.

కారణము తెలిసికొనుటకు సన్నని తుంపర కురియుచున్నదనుకొనుడు. వాకిట ఒక ముంతను, ఒక గంగాళమును ఉంచితిమి. నిమిషములో ముంతలో నాలుగు చినుకులు పడవచ్చును, మరుసటి నిమిషము ఏడు పడవచ్చును. ముంతను చూచి వాన హెచ్చినదో తగ్గినదో చెప్పలేము. గంగాళములో వందల చినుకులు పడును గనుక నిమిష నిమిషమునకు వచ్చు తేడా లెక్కలోనిది కాదు. కాంతియు ఫోటానులను చినుకులుగా కురియునదే. సగటున 100 ఫోటానులు పడు చోట వాటి సంఖ్య సుమారు 10 అటు ఇటుగా మారును; వర్గమూలమెంతో అంత. అనగా నూటికి పది పాళ్ల పొరపాటు. మా 20 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కొక్క గుంట వైశాల్యము 1.4 చదరపు మైక్రానులు. పాత కెమెరాలో సుమారు 62. దాదాపు 44 రెట్లు. అచ్చట 100 ఫోటానులు పడినచో ఇచ్చట 4,400 పడును. దాని వర్గమూలము 66. పొరపాటు నూటికి ఒకటిన్నర పాలు.

తెలివిగల విద్యార్థి ఇక్కడ ఒక ఆక్షేపణ చేయును, చేయవలెను కూడ. చిన్న గుంటలను మూడు నాలుగింటిని కలిపి ఒకటిగా లెక్కించినచో? అప్పుడు 330 ఫోటానులగును, పొరపాటు ఐదున్నర పాళ్లకు దిగును. ఇంకను ఒకటిన్నరకు దూరమే. కనుక గుంటల సంఖ్య కాదు, మొత్తము ఫలకమునకు చేరిన వెలుగు ముఖ్యము. ఆ వెలుగు ఎచ్చటి నుండి వచ్చినది? ఒకే దృశ్యమును పట్టుటకు చిన్న కెమెరా కటకపు నాభ్యంతరము 9 మి.మీ. అయినచో పెద్దదానికి 35 మి.మీ. ఉండవలెను. ఎఫ్-4 అనగా నాభ్యంతరములో నాలుగవ వంతు ద్వారము. ఒకదానికి 2 మి.మీ. పైచిలుకు కన్నము, ఇంకొకదానికి దాదాపు 9 మి.మీ. కిటికీ. రహస్యమంతయు ఇందులో నున్నది.

ఇంత మేలు గలదైనచో అందరును పెద్ద సెన్సరులనే ఏల చేయరు? అప్పడముల పిండిని పెద్దగా పరచి, దానిపై ఇరువది ఇసుక రేణువులు పడినవనుకొనుడు. చిన్న అప్పడములుగా వందలు కోసినచో ఇరువది పోయి తక్కినవి దక్కును. పెద్దవి ఇరువదియే కోసినచో సగమునకు పైగా వాటిలో ఇసుక తగులును. సిలికాను బిళ్ళలలోని దోషములును ఇట్లే. పైగా బిళ్ళ గుండ్రము, సెన్సరు దీర్ఘచతురస్రము. అంచులలో పెద్ద ముక్కలకే నష్టమెక్కువ. సిలికానుపై వలయములను ముద్రించు యంత్రము ఒక దెబ్బకు ముద్రింపగల స్థలము 33 × 26 మి.మీ. మాత్రమే. 36 మి.మీ. ఫలకము అందులో పట్టదు! రెండు సార్లు ముద్రించి అతుకు కనబడకుండ కలుపవలెను. అందువలననే 1999లో వచ్చిన నికాన్ డీ1 వంటి కెమెరాలు 24 × 16 మి.మీ.కు దగ్గరగా ఉన్న చిన్న సెన్సరుతో సరిపెట్టుకొన్నవి. ఈ కొలత 1996లో వచ్చిన ఏపీఎస్ అను ఫిల్ములోని ఒక రకమునకు సమీపమగుటచే దానికి ఏపీఎస్-సీ అని పేరు వచ్చినది. ఆ ఫిల్ము కొలది ఏండ్లకే అంతరించినది. పేరు బ్రతికి యున్నది. 36 × 24 సెన్సరు గల కెమెరాలు 2002లో గాని మార్కెట్టుకు రాలేదు. సినిమా కెమెరాలు మాత్రము డిజిటల్ అయిన తరువాతను డిక్సన్ మాటను జవదాటలేదు. 2010లో వచ్చిన అలెక్సా కెమెరా సెన్సరు వెడల్పు 23.76 మి.మీ.; దాని పేరు “సూపర్ 35”. లోపల 35 మి.మీ. కొలత గల వస్తువేదియు లేదు.

పెద్దదే మంచిదని తీర్మానించుకొనువారు ఒకసారి ఉప్పల్ క్రికెట్ మైదానమును చూడవలెను. 2005 నవంబరు 16న భారతదేశము, దక్షిణాఫ్రికా జట్ల ఒకదినపు ఆటతో ఇచ్చట అంతర్జాతీయ పోటీలు మొదలైనవి. అట్టి ఆటలను ప్రసారము చేయు పెద్ద కెమెరాలలో ఎక్కువగా వాడుకలో నున్న సెన్సరు, పాత గొట్టపు పేరుతోనే, 2/3 అంగుళము రకము, వెడల్పు 9.6 మి.మీ. కోట్ల మంది చూచు బొమ్మకు ఇంత చిన్న ఫలకమా అని ఆశ్చర్యము కలుగును. లెక్క వేయుడు. కెమెరా నుండి బ్యాటరు 100 మీటర్ల దూరములో నున్నాడు. అతని ముఖము, భుజములు తెర నిండుగా రావలెనన్న ఒక మీటరు పైచిలుకు వెడల్పు పట్టవలెను. 9.6 మి.మీ. సెన్సరుకు 900 మి.మీ. నాభ్యంతరము చాలును. 9 మి.మీ. నుండి 900 మి.మీ. వరకు నూరు రెట్లు మారు కటకములు పెట్టె ఆకారములో నిజముగనే కలవు. 36 మి.మీ. సెన్సరు పెట్టినచో అదే దృశ్యమునకు నాభ్యంతరము సుమారు 3.4 మీటర్లు కావలెను. దానిని పట్టించుటకు ప్రేక్షకుల వరుసలు కొన్ని తీసివేయవలసి వచ్చును! బంతి వెనుక పరుగిడుచు క్షణములో దగ్గరకును దూరమునకును పోగలుగుట అక్కడ ముఖ్యము. వెలుగు కొరతను దీపస్తంభములు తీర్చును.

ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ గలదు. దేశపటములు గీయు విద్యను నేర్పు ఆ స్థలమును తలచినప్పుడు మన కొలతలన్నియు చిన్నబోవును. విమానము నుండి భూమిని ఫోటో తీయుటకు సర్వేయర్లు వాడిన ఫిల్ము కెమెరాలలో ఒక్కొక్క బొమ్మ 23 సెం.మీ. పొడవు, 23 సెం.మీ. వెడల్పు. బార్నాక్ బొమ్మలు అరువది పైగా అందులో పట్టును. 152 మి.మీ. నాభ్యంతరముతో మూడు కిలోమీటర్ల ఎత్తు నుండి తీసినచో, భూమిపై సుమారు 4.5 కిలోమీటర్ల చదరము ఒక్క బొమ్మలో వచ్చును. ఉప్పల్ కూడలి, నాచారము రెండును ఒకే కాగితముపై ఇమిడిపోవును. అంత సెన్సరును ఒకే ముక్కగా చేయుట లాభసాటి కాదు గనుక, 2000 ప్రాంతమున వచ్చిన డిజిటల్ విమాన కెమెరాలలో కొన్ని చిన్న సెన్సరులను ప్రక్క ప్రక్కన కూర్చి పని నడిపినవి. మరికొన్ని ఒక్క వరుస గుంటలతో, విమానపు నడకనే ఆసరాగా చేసికొని భూమిని చీపురుతో ఊడ్చినట్లు చదివినవి.

మా విద్యార్థి ఈ కొలతలన్నిటిని గ్రాఫు కాగితముపై అసలు పరిమాణముతో, ఒకే మూల నుండి ఒకదానిలో ఒకటిగా గీసినాడు. 5.6 × 4.2 మి.మీ. గల సెల్‌ఫోను సెన్సరుకు ఇరువది నాలుగు చిన్న గళ్లు చాలినవి. తన “అంగుళము” పక్కన ఎర్ర సిరాతో 13.2 అని వ్రాసినాడు. ఫుల్ ఫ్రేము వరకు పని సులభముగ సాగినది. విమాన కెమెరా బొమ్మకు వచ్చుసరికి కాగితము వెడల్పు 21 సెంటీమీటర్లే గనుక, జిగురు తెచ్చి ఇంకొక కాగితము అంటించవలసి వచ్చినది. ఆ పటము ఇప్పుడు మా ప్రయోగశాల తలుపు వెనుక నున్నది.